ఏటి ఈత, కడలి ఈత

పాఠ్యభాగ ఉద్దేశం

మెట్ట ప్రాంతపు విద్యార్థులు విహారయాత్రకు సముద్రతీర నగరానికి వెళ్లడం నేడు సర్వసాధారణం. ఏటిలో, చెరువులో నేర్చిన ఈతను నమ్ముకొని కడలిలో దిగినప్పుడు ఎదురయ్యే ఆపద ఎటువంటిదో, దానిని ఎట్లా గుర్తించాలో, దానినుండి ఎట్లా బయటపడాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పూర్వపు కృష్ణా జిల్లాకు రెండు ముఖాలున్నాయి. తూర్పుముఖం కాలువలు, వరిచేలు, చేపల చెరువులు, వాటి చివర సముద్రం. పడమటి ముఖం మెట్ట. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు ఈ మెట్టలోనివి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఇవి విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. పత్తి, మిరప పండే నేలలు, సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఇక్కడి గుర్తులు. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర నిలిపిన ఊరు జగ్గయ్యపేట. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఆ ఊరి చెంతనున్న గుట్టమీద బౌద్ధస్తూపం వెలసింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని నాటి శాసనాలు అక్కడ లభించాయి.

ఈ సీమకు నీటితో పరిచయం లేదనుకోవడం పొరపాటు. ముక్త్యాల వద్ద, వేదాద్రి వద్ద కృష్ణవేణి ప్రవహిస్తున్నది. పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తల్లి తిరునాళ్లకు వచ్చిన భక్తులు మున్నేటిలో మునిగి లేస్తారు. పాలేరు ఉన్నది, ఊరూరా చెరువులున్నాయి, పాత దిగుడుబావులున్నాయి. నడుముకు బెండ్లు కట్టించుకొని బావిలో దూకి, ఒక వేసవిలోనే ఈత నేర్చిన పిల్లలు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. వరద అంటే ఏమిటో కూడా వారెరుగుదురు. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ సమీపాన ఐతవరం వద్ద హైదరాబాదు - విజయవాడ రహదారిని ముంచినప్పుడు ఆ తోవన రాకపోకలే ఆగిపోయాయి. నీటిని చూసి భయపడే జనం కారు వీరు. ఈ పాఠానికి కారణం ఆ ధైర్యమే.

కళాశాలలో విహారయాత్ర మాట వచ్చినప్పుడు విశాఖపట్నం పేరు ముందు వినబడుతుంది. నందిగామ నుండి విజయవాడ సుమారు యాభై కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుండి మరికొంత దూరం. అక్కడినుండి రైలులో మూడువందల యాభై కిలోమీటర్ల ప్రయాణం. రాత్రి రైలెక్కిన విద్యార్థి తెల్లవారేసరికి విశాఖలో దిగుతాడు. బసలో సంచులు పడవేసి, ఫలహారమైనా ముగించకముందే తీరానికి పరుగెత్తుతాడు. తూర్పుతీరం కావడంవలన అక్కడ సూర్యోదయం నీటిలోనుండే అవుతుంది. పుట్టి బుద్ధెరిగిన తరువాత మొదటిసారి సముద్రాన్ని చూసినవాని మనఃస్థితి మాటలకందనిది. అంతటి ఆనందంలో హెచ్చరిక చెవికెక్కదు. అందుచేత హెచ్చరిక ఇంటివద్దనే, తరగతి గదిలోనే అందవలసి ఉన్నది.

మన ప్రాచీనులు సముద్రాన్ని ఎట్లా చూశారో ఇక్కడ కొంత తలచుకోవడం అప్రస్తుతం కాదు. మహాకావ్యంలో ఏయే వర్ణనలుండాలో చెబుతూ దండి తన కావ్యాదర్శంలో నగరం తరువాత సముద్రాన్నే పేర్కొన్నాడు. సాగరానికి నిఘంటువులిచ్చిన పేర్లు చూస్తే వారి ఎరుక ఎంతటిదో తెలుస్తుంది. రత్నాలకు గని కనుక అది రత్నాకరం. మొసళ్లకు ఇల్లు కనుక అదే మకరాలయం. ఒకే వస్తువుకు ఆశపెట్టే పేరు ఒకటి, భయపెట్టే పేరు ఒకటి! తెలుగువారు సముద్రపు హద్దును చెలియలికట్ట అన్నారు. కడలి ఎంత ఘోషించినా తన హద్దు మీరదని కవులు దానిని మర్యాదకు ఉపమానంగా వాడారు. పర్వదినాలలో తప్ప సాగరాన్ని దూరంనుండి సేవించాలే గాని స్పృశించరాదన్న ఆచారం కూడా ఒకటి ఉండేది. ఆ నియమం వెనుక ఉన్న భావం ఏదైనా, అందులో వివేకం లేకపోలేదు. అయితే పున్నమి, అమావాస్యలే ఆటుపోటులు అధికంగా ఉండే దినాలు కూడా. స్నానానికి అనుమతించిన రోజే కడలి ఎక్కువ కదిలే రోజు కావడం గమనార్హం.

కావ్యంలోని సముద్రం హద్దు దాటకపోవచ్చు. కృష్ణా జిల్లా ఎరిగిన సముద్రం దాటింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి వేలాది ప్రాణాలను తీసుకొనిపోయింది. 2004 డిసెంబరు 26న సుమత్రా చెంత సముద్రగర్భంలో పుట్టిన భూకంపం సునామీగా మారి, కొన్ని గంటలలోనే మన తీరాన్ని తాకింది. కృష్ణా జిల్లా తీరంలోనూ మరణాలు సంభవించాయి. అయితే ఉప్పెన, సునామీ ఏ తరానికో ఒకసారి వచ్చే విపత్తులు. విహారయాత్రికుని ప్రాణానికి ముప్పు తెచ్చేది వాటికన్నా చిన్నది. ఎండ కాస్తున్న రోజున, గాలి లేని వేళ, నవ్వుతూ కేరింతలు కొడుతున్న వందలాది జనం నడుమ అది పనిచేస్తుంది. తోటివారు పక్కనే ఉన్నా వారికి కనబడదు.

విశాఖ తీరం ఒకే తీరు గలది కాదు. నగరం నడిబొడ్డున రామకృష్ణా బీచ్ ఉన్నది. రామకృష్ణ మఠం చెంతనుండటంవలన దానికి ఆ పేరు వచ్చింది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మలచినది ఇక్కడనే. సాయంకాలం మురీ మిక్చర్ బండ్లు, మొక్కజొన్న పొత్తులు కాల్చే నిప్పులు, బొమ్మలమ్మేవారు, గుర్రపు స్వారీ, ఇసుకలో కూర్చున్న కుటుంబాలు, వీటితో ఆ తీరం తిరునాళ్లను తలపిస్తుంది. ఉత్తరంగా పోతే తెన్నేటి పార్కు వద్ద రాళ్లతీరం, పైన కైలాసగిరి, ఆపైన రుషికొండ, ఇంకా దూరాన గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట భీమునిపట్నం. దక్షిణంగా డాల్ఫిన్ నోస్ కొండకు ఆవల యారాడ. చూపులకు అన్నీ అందమైనవే. దిగి ఆడుకోవడానికి అన్నీ ఒక్కటి కావు. రాళ్లున్నచోట అల మనిషిని రాతికేసి కొడుతుంది. నది కలిసేచోట ప్రవాహాలు రెండూ పెనగులాడుతాయి. రామకృష్ణా బీచ్‌లో నేల అకస్మాత్తుగా దిగిపోయే చోట్లున్నాయి. మోకాలిలోతున నిలిచినవాడు రెండడుగులు వేసేసరికి గుండెలోతున ఉంటాడు.

జాలరిపేటకు చెందిన వృద్ధుడొకడు వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడనుకుందాం. మెట్టప్రాంతపు విద్యార్థి అతనితో మాట కలుపుతాడు.

“తాతా, ఇక్కడ దిగవచ్చా? నాకు ఈత బాగా వచ్చు.”

“ఈత ఎక్కడ నేర్సినావు బాబూ?”

“మున్నేట్లో. వరదనీళ్లలో కూడా ఈ గట్టునుంచి ఆ గట్టుకు పోయినవాణ్ణి.”

“మీ ఏటికి ఆ గట్టున్నాది బాబూ. మా సంద్రానికేటున్నాది?”

సంస్కృతంలో పారం అంటే అవతలి ఒడ్డు. అవతలి ఒడ్డు లేనిది అపారం. పండితులు సముద్రానికి వాడే విశేషణానికి ఇంతకన్న సూటియైన వ్యాఖ్యానం వేరొకటి ఉండబోదు. ఏటి ఈతకు, కడలి ఈతకు గల భేదమంతా ఆ జాలరి మాటలో ఉన్నది.

ఏటిలో నీరు ఒకే దిక్కుకు సాగుతుంది. ఈతగాడు ప్రవాహానికి ఏటవాలుగా ఈదుతాడు. కొంత కిందికి కొట్టుకొనిపోయినా ఏదో ఒక గట్టు అందుతుంది. బావిలో, చెరువులో అసలు ప్రవాహమే లేదు. ఆ ఈతగాని శరీరం నేర్చుకున్న పాఠం ఒక్కటే: గట్టు కనబడుతున్నది, దానివైపు బలమంతా ఉపయోగించి ఈదాలి. ఉప్పునీరు బావినీటికన్న సుమారు రెండున్నర శాతం బరువైనది కనుక అందులో తేలడం నిజానికి కొంత తేలిక. మొదటి అయిదు నిమిషాలలో ఈ తేలిక మెట్ట ఈతగానికి లేనిపోని ధీమానిస్తుంది. ఆ పైన అతడు ఎరుగని ప్రవాహం ఎదురవుతుంది.

ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న వేసుకున్నవారు తక్కువ. తీరానికి కొంతదూరంలో నీటి అడుగున ఇసుక మేటలు తీరం పొడవునా గట్లవలె పేరుకొని ఉంటాయి. అలలు ఆ గట్టును దాటి నీటిని ఒడ్డువైపు నెడతాయి. గట్టుకు, ఒడ్డుకు నడుమ నీరు నిండుతుంది. నిండిన నీరు వెనుకకు పోకతప్పదు. ఇసుకగట్టులో ఎక్కడ గండి ఉంటే అక్కడికి ఇరువైపులనుండి చేరి, ఆ సందులోనుండి సన్నని పాయగా సముద్రంలోకి దూసుకొనిపోతుంది. చెరువుకట్టకు గండి పడినప్పుడు నీరెట్లా పరుగెత్తుతుందో మెట్ట రైతుకు చెప్పనక్కరలేదు. ఇది అటువంటిదే. దీనిని శాస్త్రజ్ఞులు రిప్ కరెంట్ అంటారు. తెలుగులో తిరుగు ప్రవాహం అనవచ్చు. దీని వేగం కొన్ని వేళలలో సెకనుకు రెండు మీటర్లు దాటవచ్చు. ఒలింపిక్ పోటీలలో ఈదేవాడు కూడా ఆ వేగానికి ఎదురీది నిలవలేడు.

ఇక అసలైన మోసం దీని రూపంలో ఉన్నది. గండి ఉన్నచోట నీరు లోతుగా ఉంటుంది కనుక అక్కడ అలలు విరగవు. ఇరుపక్కల తెల్లని నురుగుతో అలలు విరుచుకుపడుతుంటే మధ్యలో ఆ పాయ నిమ్మళంగా, కొంచెం నల్లగా కనబడుతుంది. అలలకు జంకిన కొత్తవాడు, చిన్నపిల్లలను వెంటబెట్టుకొన్న తల్లి, ప్రశాంతంగా ఉన్నదని సరిగ్గా ఆ చోటునే ఎంచుకుంటారు. ఏటిలో నిశ్చలంగా ఉన్న మడుగు స్నానానికి అనువైనదని అనుభవం చెబుతుంది. కడలిలో ఆ అనుభవమే శత్రువవుతుంది. నీటిలో దిగకముందు పది నిమిషాలు ఒడ్డున నిలిచి చూస్తే తిరుగు ప్రవాహాన్ని చాలావరకు పసిగట్టవచ్చు. విరిగే అలల వరుసలో ఖాళీ, నీటి రంగులో తేడా, నురుగు గాని చెత్త గాని ఇసుక కలిసిన బురదనీరు గాని ఒడ్డునుండి లోపలికి సాగిపోవడం దాని గుర్తులు. కైలాసగిరి వంటి ఎత్తైన చోటునుండి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కొండమీద ఫోటోలు తీసుకునే వేళలో ఒక్క రెండు నిమిషాలు కింది తీరాన్ని చూడటానికి కేటాయిస్తే మేలు.

నిన్న గండి లేనిచోట నేడు ఉండవచ్చు. ఏమంటే, విశాఖ తీరపు ఇసుక స్థిరంగా ఉండదు. అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఇక్కడి శాస్త్రజ్ఞులతో కలిసి ఈ సముద్రాన్ని, తీరాన్ని పరిశోధించాడు. నైరుతి గాలుల కాలంలో అలలు ఇసుకను ఉత్తరదిశకు, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణదిశకు మోసుకొనిపోతాయి. రేవు రక్షణకై కట్టిన రాతిగోడ ఉత్తరానికి పోయే ఇసుకను అడ్డగించడంవలన నగరతీరానికి కొరత ఏర్పడింది. ఆ లోటును పూడ్చడానికి రేవువారు ఇసుకను తవ్వి తీరానికి చేరవేస్తూ వచ్చారు. కాబట్టి నిరుడు అన్నయ్య దిగిన చోటే తమ్ముడు దిగుతానంటే, ఆ చోటు పేరు ఒకటే గాని నేల ఒకటి కాదు.

తిరుగు ప్రవాహంలో చిక్కినవాడు ఏమి చేయాలి? మొదట తెలియవలసినది, అది మనిషిని కిందికి గుంజదు, లోపలికి మాత్రమే తీసుకొనిపోతుంది. కాళ్లు పట్టి లాగే శక్తి ఏదో ఉన్నదనే జనశ్రుతి నిజం కాదు. చాలామందిని ముంచేది ప్రవాహం కాదు, దానికి ఎదురీది తెచ్చుకున్న అలసట. ఒడ్డు ముప్పై గజాల దూరంలోనే కనబడుతుంది. బలమంతా పెట్టి ఈదుతాడు. అంగుళం కూడా ముందుకు కదలడు. భయం పుడుతుంది, ఊపిరి తప్పుతుంది, నీరు నోట పడుతుంది. ఏటి ఈతలో ఆరితేరినవాడే ఈ పోరాటానికి ముందు దిగుతాడు. ఈత అంతగా రానివాడు అంతలోతుకే పోడు.

చేయవలసినది ఇందుకు విరుద్ధం. మొదట పోరాటం మానాలి. వెల్లకిలా తేలి ఊపిరిని నిలదొక్కుకోవాలి. ఒక చేయి పైకెత్తి ఊపాలి. ప్రవాహం అలలు విరిగే వరుస దాటగానే చాలావరకు బలం కోల్పోతుంది. శక్తి ఉంటే ఒడ్డువైపు గాక ఒడ్డుకు సమాంతరంగా, తీరం పొడవున ఈదాలి. పాయ సన్ననిది కనుక కొద్దిదూరంలోనే దానినుండి బయటపడవచ్చు. ఆపైన అలలు విరుగుతున్న చోటునుండి వాటితోపాటు ఒడ్డుకు రావాలి. శక్తి లేకుంటే తేలుతూ ఉండటమే ఈత. సహాయం అందేవరకు ప్రాణం నిలుపుకోవడమే అప్పటి కర్తవ్యం.

ఒడ్డున ఉన్నవారి సంగతి ఇంతకన్న కష్టమైనది. మిత్రుడు మునుగుతున్నాడని చూసి మరొకడు దూకుతాడు. అతనికోసం మూడోవాడు. ఒకే కళాశాలకు చెందిన ఇద్దరో ముగ్గురో ఒకేసారి మృతిచెందిన వార్తలు పత్రికలలో తరచు కనబడటానికి కారణం ఇదే. ఆ స్నేహం గొప్పదే, కాని మార్గం తప్పు. తేలే వస్తువు ఏదైనా విసరాలి. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా, గాలి నింపిన ట్యూబు, తాడు, చివరకు ముడివేసిన చున్నీలైనా సరే. ఒకరు రక్షకుని పిలవడానికి పరుగెత్తాలి, మరొకరు మునిగేవానిమీదనుండి చూపు మరల్చకుండా వేలితో చూపుతూ నిలవాలి. అలల నడుమ తల ఒకసారి కనుమరుగైతే మళ్లీ వెతకడం దుస్తరం. చలనచిత్రాలలో వలె మునిగేవాడు కేకలు వేయడు. ఊపిరికే చాలని నోరు మాటకెట్లా చాలుతుంది? తల వెనుకకు వాలి, నోరు నీటిమట్టంలో తేలుతూ మునుగుతూ, చేతులతో నీటిని కిందికి నొక్కుతూ నిశ్శబ్దంగా ఉంటాడు. ఆడుకుంటున్నాడేమో అనిపిస్తుంది. పిలిచి చూడాలి. బదులు రాకుంటే అది ఆట కాదు.

ఒడ్డుకు చేర్చిన తరువాత కడుపు నొక్కి నీరు కక్కించడం, తలకిందులుగా పట్టి తిప్పడం మన పల్లెలలో అలవాటు. దానివలన విలువైన క్షణాలు వృథా కావడమే గాక కక్కిన నీరు ఊపిరితిత్తులలోకి పోయే అపాయమున్నది. శ్వాస లేకుంటే వెల్లకిలా పడుకోబెట్టి, తెలిసినవారు నోటిద్వారా శ్వాస అందిస్తూ, రొమ్ము నడుమ నిమిషానికి నూరునుండి నూటఇరవైసార్లు చొప్పున గట్టిగా నొక్కాలి. ఈలోగా 108కి గాని 112కి గాని ఫోను చేయాలి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకొనిపోవలసిందే. నీరు చేరిన ఊపిరితిత్తులు కొన్ని గంటల తరువాత కూడా ఇబ్బంది పెట్టవచ్చు. ఈ ప్రక్రియను కళాశాలలో ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. శిక్షణలలో నేర్చుకొనే అవకాశముంటే వదలుకోరాదు. పుస్తకంలో చదివి వచ్చే విద్య కాదు ఇది.

తీరంలోని గుర్తులను చదవడం కూడా ఒక అక్షరాస్యతే. ఎర్రజెండా ఎగురుతుంటే నీటిలో దిగరాదు. ఎరుపు, పసుపు సగం సగంగా ఉన్న జెండాలు రెండు నాటి ఉంటే వాటి నడుమ రక్షకులు కాపలా ఉన్నారని అర్థం. రుషికొండ తీరం 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది. ఇది నీటి శుభ్రతకు, వసతులకు, భద్రతా ఏర్పాట్లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు. ఆ నీలిజెండాను చూసి ‘నేడు సముద్రం శాంతంగా ఉన్నది’ అని అర్థం చేసుకోరాదు. గుర్తింపు తీరానికి, అలలకు కాదు. ‘ఇచ్చట స్నానం ప్రమాదకరం’ అన్న ఫలకం కనబడినచోట, అది ఎవరో చనిపోయిన తరువాత నాటినదని భావించడం క్షేమం.

ఆకాశం నిర్మలంగా ఉన్నంతమాత్రాన కడలి నిర్మలంగా ఉండనవసరం లేదు. వేలాది కిలోమీటర్ల దూరాన చెలరేగిన తుఫాను పుట్టించిన అలలు ఇక్కడ గాలి ఏమాత్రం లేని రోజున తీరాన్ని తాకవచ్చు. హైదరాబాదులో 1999లో నెలకొల్పిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఇటువంటి అలలను గూర్చి హెచ్చరికలు వెలువరిస్తున్నది. సునామీ హెచ్చరిక కేంద్రం కూడా 2007నుండి అక్కడనే పనిచేస్తున్నది. వార్తలలో వినవచ్చే రేవు హెచ్చరిక అంకెలు ఒకటినుండి పదకొండు వరకు ఉంటాయి. అవి ఓడలకోసం ఏర్పడినవే అయినా యాత్రికుడు కూడా తెలుసుకోదగినవి. మూడవ నంబరు ఎగిరిందంటే రేవుకు ఈదురుగాలుల బెదురున్నదని, పదవ నంబరు మహాప్రమాదమని అర్థం. అక్టోబరు, నవంబరు మాసాలు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ నగరాన్నే తాకి అతలాకుతలం చేసింది. 2020 అక్టోబరులో లంగరువేసి ఉన్న బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి గాలివానకు కొట్టుకొనివచ్చి తెన్నేటి పార్కు వద్ద రాళ్లలో చిక్కుకొన్నది. ఉక్కు లంగరు నిలవని చోట మనిషి మడమలు నిలుస్తాయా?

ఇతర జాగ్రత్తలు ఏ మహానగరానికైనా వర్తించేవే. బస చిరునామా కాగితంమీద రాసి జేబులో ఉంచుకోవడం, ఆటో ఎక్కకముందే ధర మాట్లాడుకోవడం, సెల్‌ఫోను, డబ్బు ఇసుకమీద వదలి నీటిలో దిగకపోవడం, తప్పిపోతే కలుసుకొనే చోటు ముందుగా అనుకోవడం. ఆ చోటుగా జలాంతర్గామి వంటి ఎవరికైనా తెలిసిన గుర్తును పెట్టుకోవడం సులువు. విద్యార్థులను ఇద్దరిద్దరుగా జతపరచి, జతలో ఒకరు నీటిలో ఉంటే రెండవవారి బాధ్యత చూపు మరల్చకపోవడమని నియమం పెడితే పర్యవేక్షకుని పని సగం తీరుతుంది. ఉక్కను గూర్చి మాత్రం ఒక మాట చెప్పాలి. నందిగామలో ఎండ నలభై అయిదు డిగ్రీల చేరువకు పోయినప్పుడు కూడా గాలి పొడిగా ఉండి చెమట ఆరిపోతుంది. విశాఖలో పాదరసం అంత ఎత్తుకు ఎక్కకపోయినా గాలిలోని తేమవలన చెమట ఆరదు, శరీరం చల్లబడదు. అంత ఎండ లేదుగదా అని నీరు తాగక మధ్యాహ్నమంతా తీరంలో తిరిగే మెట్టవాడే ముందు సొమ్మసిల్లుతాడు. మద్యం సేవించి నీటిలో దిగడం గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

సాయంకాలం మరొక విషయం మరువరాదు. తూర్పుతీరంలో సూర్యుడు కొండల వెనుక అస్తమిస్తాడు. నీటిమీద వెలుగు త్వరగా తగ్గుతుంది, ఒడ్డున దీపాలు వెలగడంవలన తీరం మాత్రం పగలువలెనే ఉంటుంది. దీపాల వెలుగులో నిలిచిన కంటికి చీకటి నీటిలోని తల కనబడదు. కాపలావారి విధి కూడా ఆ వేళకు ముగుస్తుంది. చీకటిపడిన తరువాత ఇసుకమీద కూర్చుని మురీ మిక్చర్ తింటూ అలల చప్పుడు వినడంలో ఉన్న సుఖం తక్కువేమీ కాదు.

విశాఖ దూరమనుకున్న మెట్టవారు కార్తికమాసంలో బందరు చెంతనున్న మంగినపూడికి వెళతారు. అక్కడి తీరం తీరు వేరు. నల్లని ఒండ్రునేల, లోతు తక్కువ, అలల ఉద్ధృతి తక్కువ. అందువలన జనం చాలా దూరం లోపలికి నడిచిపోతారు. నడుములోతు నీటిలో ఒడ్డుకు అంతదూరాన నిలిచినప్పుడు పోటు మొదలైతే, ఒడ్డు వెనక్కి జరిగినట్లు, నీరు ముందుకు వచ్చినట్లు తెలియనే తెలియదు. అక్కడ వెతకవలసినది నల్లని పాయను కాదు. దిగకముందు ఒడ్డున ఒక కర్ర నాటి, నీరు దాని ఇవతలికి వస్తున్నదో అవతలికి పోతున్నదో చూసుకోవాలి.

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు పదిహేను పంక్తులలో సమాధానం రాయండి.

1. తిరుగు ప్రవాహం ఎట్లా ఏర్పడుతుంది? ఏటి ఈతగాడు దానిలో సులభంగా చిక్కడానికి కారణమేమి?

2. మునుగుతున్నవానికి ఒడ్డున ఉన్నవారు చేయదగినవి, చేయదగనివి వివరించండి.

ఆ) సందర్భాన్ని పేర్కొని అర్థాన్ని వివరించండి.

1. మీ ఏటికి ఆ గట్టున్నాది బాబూ. మా సంద్రానికేటున్నాది?

2. గుర్తింపు తీరానికి, అలలకు కాదు.

ఇ) విడదీసి సంధి పేరు తెలపండి: రత్నాకరం, మకరాలయం, సూర్యోదయం.

ఈ) మీ ఊరి ఏటిలో గాని చెరువులో గాని ప్రమాదకరమైన చోట్లు ఏవో పెద్దలనడిగి తెలుసుకొని, వాటిని గుర్తించే విధానాన్ని ఒక పుటలో రాయండి.